రాని రాడ్డు

ఎముక విరిగితే రాడ్డు వేసుడు పెద్ద ఆపరేషన్, అతికినంక ఆ రాడ్డు తీసుడు చిన్న ఆపరేషన్ అని జనం అనుకుంటరు. ఎముకల డాక్టర్లం మేం గూడ చదువుకునే కాలంల అట్లనే అనుకున్నం. రాడ్డు వేసేటప్పుడు మా పెద్ద డాక్టర్లు మమ్మల్ని పక్కన నిలబెట్టి, కోసిన కాడ అంచులు గుంజి పట్టుకోమనేటోళ్లు. తీసే కేసు వస్తే "నువ్వు చేస్కో" అని మా చేతుల పెట్టి చాయ్ తాగనీకి పోయేటోళ్లు. అట్ల నేను చదువు అయిపోయే వరకే మస్తు రాడ్లు, ప్లేట్లు తీసిన. అన్నీ వచ్చినయ్. రాని రాడ్డు ఒకటి ఉంటదని పుస్తకంల చదివిందే తప్ప నా చేతికి తెల్వదు.

మాది అయిజ పక్క ఊరు. ఇంట్ల సగం మాటలు కన్నడం కలిసి వస్తయ్. నాకు ఉద్యోగం నాగర్‌కర్నూల్‌ల ఒక దవాఖానల వచ్చింది. శనివారం మధ్యాహ్నం బయలెల్లి వనపర్తి మీదికెళ్లి గద్వాల పోయి, ఆడికెళ్లి ఊరికి పోతుంటి. సోమవారం పొద్దుగాల అదే తొవ్వల వాపస్ వస్తుంటి. కొత్త ఉద్యోగం, కొత్త చెయ్యి. మనసుల మాత్రం అన్నీ వచ్చినోని లెక్క ఉండె.

ఆమె వచ్చింది వానకాలం మొదట్ల. ఉప్పునుంతల దిక్కు పల్లె. నలభై ఏండ్లు దాటినట్టుండె, సన్నటి మనిషి. వెంట భర్త. ఇద్దరు కలిసి మస్తు ఏండ్లు పుణెల బిల్డింగుల పని చేసిన్రు. ఆయన ఇనుప సలాకలు వంచే పని, ఆమె ఇటుకలు, ఇసుక మోసే పని. ఒకనాడు కాలు కింది పలక జారి ఆమె ఎత్తు మీదికెళ్లి కింద పడ్డది. మోకాలు కింది ఎముక రెండు తునకలయింది. ఆడనే ఒక దవాఖానల రాడ్డు వేసిన్రు. కాలు మంచిగనే అతికింది. ఇగ వలస వద్దని ఇద్దరు ఊరికి వచ్చి, కౌలుకు భూమి పట్టుకొని పత్తి, పల్లి వేస్తున్నరు.

"ఇప్పుడు ఏమైతుందమ్మా?" అని అడిగిన.

ఆమె లేసి, నా ముంగటి స్టూలు మీద మోకాలు ఆనిచ్చి చూపించింది. ఆనిచ్చిందో లేదో మొహం ముడుచుకొని ఎనకకు గుంజుకున్నది. కలుపు తీసేటప్పుడు, పల్లి పీకేటప్పుడు నేల మీద మోకాలు పెట్టనీకి రావట్లేదని భర్త చెప్పిండు. దాని మీద ఆమె మెల్లగ ఇంకో మాట కలిపింది. వాళ్లు చర్చికి పోయేటోళ్లు. ప్రార్థనకు మోకాళ్లూననీకి వస్తలేదు. కుర్చీల కూసొని చెయ్యి, దేవుడు మోకాళ్లు చూడడు అని అయ్యగారు చెప్పిండట.

"దేవునికి ఫరక్ పడది సార్. నాకు పడ్తది," అన్నది.

ఎక్స్‌రే చూసిన. ఎముక గట్టిగ అతికింది. రాడ్డు పై కొస మోకాలు కింది అంచు దాంక వచ్చి ఉన్నది. దాని మీద సన్నగ కొత్త ఎముక పెరిగింది. అడుగున, చీలమండ మీద, రాడ్డును పట్టుకొని రెండు స్క్రూలు, పైన రెండు. ఇంతే గద అనుకున్న. "తీస్తే తగ్గుతది, ఒక గంట పని," అని చెప్పిన. పుణెల ఇచ్చిన కాయితాలు ఇంట్ల ఉన్నయ్, తేవాల్నా అని ఆమె భర్త అడిగిండు. ఎక్స్‌రే ఉన్నది గద, సాలు అన్న. ఆ మాట అన్నట్టు నాకు ఆపరేషన్ నాడు యాదికి కూడ లేదు. తర్వాత యాదికి వచ్చింది.

ఆపరేషన్ నాడు పొద్దుగాల, థియేటర్ సిస్టర్ రాడ్లు తీసే పెట్టె తెరిచి సామాను పరిచింది. ఆమెది వనపర్తి. రిటైర్మెంటుకు రెండేండ్లున్నది. నా కంటే ముందు ఆ థియేటర్ల ఎంతమంది డాక్టర్లు పనిచేసిండ్రో వాళ్లందరి చేతులు చూసిన మనిషి. పెట్టెల ఏముంటయంటే, రకరకాల మొనలున్న స్క్రూ డ్రైవర్లు, సన్నటి ఉలులు, చిన్న సుత్తి, ఎముకను కొరికే పటకార్లు, స్క్రూ తల గుంటల నిండిన ఎముకను గీరే కొక్కాలు, తల అరిగిపోయిన స్క్రూను ఎడమ మరతోని కొరికి పట్టుకునే మొనలు. అన్నిటికంటే ముఖ్యమైంది రాడ్డు నోట్ల తిప్పి బిగించే బోల్టు. రాడ్డు లోపల మర, అంటే స్క్రూకు ఉన్నట్టు చుట్లు, ఉంటది. ఆ మరల బోల్టు ఎక్కించి, బోల్టుకు ఒక పొడుగు కడ్డీ తగిలించి, ఆ కడ్డీ మీద జారే బరువైన సుత్తితోని ఎనకకు కొడితే రాడ్డు జరుగుకుంట బయటికొస్తది. మర కలిస్తేనే ఇదంత. కంపెనీకొక మర ఉంటది.

"ఏ కంపెనీది సార్?" అని సిస్టర్ అడిగింది.

"ఏదైతేంది సిస్టర్, పెట్టెల అన్ని సైజులున్నయ్," అన్న.

ఆమె పెట్టెలున్న బోల్టులన్నీ తీసి వరుసగ పెట్టింది.

నడుముకు మత్తు సూది ఇచ్చినం. అంటే నడుము కింద తెల్వదు గానీ మనిషి మెలకువల ఉంటది, అన్నీ వింటది. ఆమెకు మాకు నడుమ ఒక ఆకుపచ్చ బట్ట అడ్డం. కింది స్క్రూలల్ల ఒకటి మంచిగ వచ్చింది. రెండోదాని తల గుంట అరిగి, డ్రైవర్ ఊరికే తిరిగింది. ఎడమ మర మొనతోని కొరికిపిచ్చి దాన్ని తీసిన. ఆ తీసుడుల నాకు జర గర్వమైంది గూడ. పై రెండు తొందరగనే వచ్చినయ్. తర్వాత మోకాలి కాడ పాత గీత మీదనే కోసి, ఉలితోని కొత్త ఎముకను చెక్కి రాడ్డు నోరు దొరకవట్టిన. అప్పటికే గంట దాటింది.

మొదటి బోల్టు నోట్లకు పోనే లేదు. రెండోది పోయింది గానీ పట్టలే, వదులుగ తిరిగింది. మూడోది కొస సన్నగ, మొదలు లావుగ ఉండేది, ఏ రాడ్డుకైనా పనికొస్తదని అమ్ముతరు. దాన్ని బలంగ ఒత్తి తిప్పితే రెండు చుట్లు పట్టింది. కడ్డీ తగిలించి సుత్తి కొట్టిన. మూడో దెబ్బకు ఊడి నా చేతుల్లకొచ్చింది. మళ్ల ఎక్కించిన. మళ్ల ఊడింది.

"అయిపోయిందా సార్?" అని బట్ట అవతలికెళ్లి ఆమె అడిగింది.

"అయిపోతదమ్మా," అన్న.

కొంచెం సేపటికి మళ్ల అడిగింది. మళ్ల అదే చెప్పిన. మూడోసారి అడిగినప్పుడు నేను ఇంకో దెబ్బ కొట్టిన. నా అంగీ ఎనక చెమట కారుతున్నది. మత్తు డాక్టర్ గడియారం దిక్కు చూసి, ఇంకెంతసేపని సైగ చేసిండు. నేను బోల్టును ఇంకోసారి తీసి దాని చుట్లల్ల చూస్తే, సన్నటి ఇనుప తీగ ముక్కలు మెరుస్తున్నయ్. రాడ్డు లోపలి మర అరుగుతున్నదన్నట్టు. చూసి గూడ నేను బోల్టు మళ్ల నోట్ల పెట్టిన.

అప్పుడు సిస్టర్ నా దిక్కు వంగి, బట్ట అవతలికి వినరాకుండ చెప్పింది. "సార్, ఉన్న మర గూడ పోతే రేపు ఎవ్వరు తియ్యలేరు."

నా చెయ్యి ఆగింది. తర్వాత దారం అడిగిన. రాడ్డును లోపలనే వదిలి కాలు కుట్టేసిన.

బట్టలు మార్చుకునే రూంల బల్ల మీద కూసున్న. సిస్టర్ చాయ్ తెచ్చి ముంగట పెట్టింది. ఆమె పోయి వాళ్లకు చెప్తదేమోనని నాకు లోపల ఒక ఆశ ఉండె. మా దవాఖానల మంచి మాట డాక్టర్ చెప్తడు, చెడ్డ మాట సిస్టర్లతోని చెప్పిస్తరు. నా మొహంల అది కనపడ్డదేమో.

"ఆమెకు మీరే చెప్పాలె సార్. నేను చెప్పను," అన్నది.

వార్డుల ఆమె మంచం కాడికి పోయిన. భర్త లేసి నిలబడ్డడు. నేను చెప్పుడు మొదలువెట్టిన. రాడ్డుల ఎన్ని రకాలుంటయో, ఎముక ఎట్ల పెరుగుతదో, మత్తు ఎంతసేపు ఉంటదో చెప్పుకుంట పోయిన. సలాకల పని చేసిన మనిషి గనుక ఆయనకు నా కంటే ముందే సమజైంది. మర కలవలేదా అని మెల్లగ అడిగిండు. నేను అవునని అంటుండంగనే ఆమె నడుమల వచ్చింది.

"ఉన్నదా, తీసిన్రా? ఒక్క మాట చెప్పున్రి సార్."

"ఉన్నదమ్మా. తియ్యలేకపోయిన. తప్పు నాదే."

ఆమె నా మొహంల ఒకసారి చూసి, తల గోడ దిక్కు తిప్పుకున్నది. తిట్టలే, ఏడ్వలే. నేను కాలు పట్టీ ఒకసారి చూసి వచ్చిన. రెండు రోజులు ఆమె నాతోని మాట్లాడలే. నేను రౌండ్సుకు పోతే సిస్టర్‌తోనే మాట్లాడేది. మూడోనాడు పట్టీ మార్చేటప్పుడు మాత్రం, నడిస్తే కాలు మళ్ల విరుగుతదా అని నన్నే అడిగింది. విరుగదని, ఎముక గట్టిగున్నదని చెప్పిన. అది నిజమే గనుక గట్టిగనే చెప్పగలిగిన.

ఆ నాడే ఆమె భర్త వరండాల నా దగ్గరికి వచ్చి, సార్, పుణె కాయితాలు చూస్తరా అని అడిగిండు. మొదటిసారి వచ్చినప్పుడు అడిగితే వద్దన్న సంగతి అప్పుడు యాదికొచ్చింది. తెమ్మన్న. ఊరికి పోయి తెల్లారి తెచ్చిండు. ఆమె బైబిలుకు జిప్పు ఉన్న సంచి లాంటి అట్ట ఉన్నది. ఆ సంచి అరల మడత పెట్టి దాచుకున్నరు. సగం మరాఠీ, సగం ఇంగ్లీషు. ఎనక పేజీల చిన్నచిన్న తెల్ల స్టిక్కర్లు వరుసగ అంటించి ఉన్నయ్. రాడ్డుది ఒకటి, స్క్రూలవి నాలుగు. కంపెనీ, రకం, పొడుగు, లావు అన్నీ దాని మీదున్నయ్. ఏడెనిమిదేండ్లు గడిచినా ఒక్క అక్షరం చెరిగిపోలే. ఆపరేషన్ చేసిన డాక్టర్, రేపు ఎవడో ఒకడు దీన్ని తియ్యాల్సి వస్తదని తలిచి అంటించిండు. వాళ్లేమో ఇది పారెయ్యొద్దని పుణె కెళ్లి ఉప్పునుంతల దాంక కాపాడుకొని తెచ్చిన్రు. వాళ్లందరు చెయ్యాల్సింది చేసిన్రు. నేను అడగలే, అంతే.

ఆయనకు ఆ మాట చెప్పిన. ముందుగాల్నే ఇవి చూసి ఉంటే నేను కోసేటోన్నే కాదు, తప్పు నాదన్న. ఆయన కాయితాలు జాగ్రత్తగ మళ్ల మడత పెట్టుకుంట, పోనియ్యున్రి సార్, ఇప్పుడేం చేద్దాం అది చెప్పున్రి అన్నడు.

తెలిసిన సామాను వ్యాపారులందరికి ఫోన్లు చేసిన. ఆ కంపెనీ ఆ రకం రాడ్డు చేసుడే బంద్ పెట్టిందని చెప్పిన్రు. దాన్ని తీసే బోల్టు ఎవ్వరి దగ్గర లేదు. కర్నూలుల ఒకాయన మాత్రం, పాత స్టాకుల అదే రకం రాడ్డు ఒకటి వాడనిది పడి ఉన్నదని చెప్పిండు. బోల్టు లేకుండ రాడ్డు నాకెందుకని అనబోయి ఆగిన. రాడ్డుంటే దాని మర ఉన్నట్టే గద. పంపియ్యమన్న. గద్వాల బస్సుకు పార్సిల్ వేసిండు. శనివారం ఊరికి పోతా బస్టాండుల తీసుకున్న. గుడ్డల చుట్టిన ఆ రాడ్డును చూసి మా అమ్మ, ఇది మనిషి కాళ్ల పడ్తదా అని చేతుల పట్టుకొని బరువు చూసింది.

వనపర్తిల ఒక లేత్ మిస్త్రీ ఉన్నడని సిస్టర్ చెప్పింది. వాళ్ల తమ్ముని బోరు మోటరు షాఫ్టు పోయినప్పుడు ఆయననే మంచిగ చేసిచ్చిండట. సోమవారం వాపస్ వచ్చేటప్పుడు వనపర్తిల దిగి ఆయన షెడ్డుకు పోయిన. అరవై ఏండ్ల మనిషి, మందపాటి కండ్లద్దాలు. షెడ్డు నిండ మోటర్ల షాఫ్టులు, వరికోత మిషన్ల పండ్ల చక్రాలు. రాడ్డు చేతికిచ్చి సంగతంత చెప్పిన. ఆయన రాడ్డు నోట్ల టార్చి వేసి చూసి, కొలిచే పుల్లలు పెట్టి మర కొలిచి, తర్వాత నేను అనుకోని సవాళ్లు అడిగిండు. ఎంత బలంతోని గుంజుతరు? నిలువుగ గుంజుతరా, ఓరగనా? సుత్తి ఎంత బరువుంటది? ఒంట్లకు పోయేది గద, ఏ ఇనుము వాడాలె? నేను తెలిసినవి చెప్పిన, తెల్వనివి తెల్వవన్న. తర్వాత వారం మా దవాఖాన సుత్తి కడ్డీ గూడ తీస్కపోయి ఇచ్చిన. బోల్టు ఒక కొస రాడ్డుకు, ఇంకో కొస మా కడ్డీకి కలవాలె.

"మర ఎంత లావుంటదో కనీసం అంత లోతుకు పోవాలె డాక్టర్ సాబ్," అన్నడాయన. "తక్కువ పోతే కొసలు తెగుతయ్. మీకు ఆ పొద్దు గదే అయింది."

తుప్పు పట్టని ఉక్కు కడ్డీ తెప్పిచ్చి చేస్తనన్నడు. రెండు వారాలకు పోతే ఒకటి చూపించి, ఇది మీకియ్య అని పక్కన పడేసిండు. నా కండ్లకు అది మంచిగనే ఉండె. మర అంచు మీద వెంట్రుకంత ముల్లు లేసిందట. రాడ్డుల బిగిస్తే బిగుస్తది గానీ తిప్పేటప్పుడు లోపలి మరను గీరుతది అని గోటితోని తాకి చూపించిండు. నేను తాకితే నాకు గూడ తగిలింది. ఇంకో వారం ఆగిన. రెండోది చేసినంక రాడ్డును బల్లకున్న వైస్‌ల బిగించి, బోల్టు ఎక్కించి, కడ్డీ తగిలించి సుత్తి నా చేతికిచ్చిండు. చెయ్యి నొచ్చే దాంక కొట్టిన. బోల్టు కదలలే. వైస్ బల్ల మాత్రం జరిగింది. అప్పుడు ఆయన బోల్టు విప్పి, అద్దం పెట్టి మర చుట్టూత చూసి, ఇగ తీస్కపోన్రి అన్నడు. పని అయినంక వచ్చిందో రాలేదో ఒక్క ఫోను చెయ్యమన్నడు.

మా దవాఖాన పెద్దసారుకు అంత రాసిచ్చి ఒప్పించుకున్న. నాకు చదువు చెప్పిన సారుకు ఫోన్ చేస్తే, బోల్టు సంగతి సరే, రాడ్డు నోరు మంచిగ శుభ్రం చేస్కో, సగం రాడ్లు ఆడనే మోసం చేస్తయన్నడు. ఇగ మిగిలింది ఆమెను అడుగుడు.

అప్పటికి పత్తి ఏరుడు ఒక దఫా అయిపోయింది. కబురు పంపిస్తే ఇద్దరు వచ్చిన్రు. బోల్టు ఆమె చేతికే ఇచ్చిన. ఇది కంపెనీది కాదు, వనపర్తిల ఒక లేత్ మిస్త్రీ చేసిండని ఉన్నదున్నట్టు చెప్పిన. భర్త తీసుకొని మర మీద గోరు పెట్టి తిప్పి చూసి, తల ఊపిండు. ఆమె మాత్రం నన్ను అడిగింది.

"చేసినాయన చెయ్యి మంచిదేనా సార్?"

"మొదటిది నచ్చక ఆయననే పారేసిండమ్మా. నేనైతే అదే తెస్తుంటి," అన్న.

ఆమె బోల్టును మళ్ల తన చేతుల్లకు తీసుకున్నది.

"ఈసారి గూడ రాకపోవచ్చు," అని నేను చెప్పిన.

"గదే మాట మొదటిసారి చెప్తే అయిపోవు గద సార్," అన్నది. కోపంగ అనలే. కూరగాయలు బేరం చేసినట్టు మామూలుగ అన్నది. ఇన్నేండ్ల తర్వాత గూడ, ఒక మనిషిని బల్ల మీద పండవెట్టే ముందు నా చెవిల ఆ మాటనే వినవడ్తది.

రెండో ఆపరేషన్ చలికాలంల చేసినం. ఈసారి తొందర పడలే. నాలుగు స్క్రూలు ముందే పోయినయ్ గనుక మోకాలి కాడ ఒక్కటే కోత. నోట్ల మళ్ల పెరిగిన మెత్తటి ఎముకను, లోపల పేరుకున్న దాన్ని సన్నటి కొక్కెంతోని గీరి, నీళ్లు కొట్టి, మళ్ల గీరి, సిస్టర్ ఇగ సాలు అనే దాంక శుభ్రం చేసిన. బోల్టు పెట్టి వేళ్లతోనే తిప్పిన. సగం చుట్టుకు బిగుసుకున్నది. పోయినసారి నేను అరగ్గొట్టిన కాడ తగులుతున్నదని తెలిసింది. బలం చెయ్యకుండ ఎనకకు తిప్పి తీసిన. మళ్ల కడిగి, నిట్టనిలువు పట్టుకొని మళ్ల పెట్టిన. ఈసారి ఆ సగం చుట్టు దాటింది. ఒకటి, రెండు, మూడు. ఐదో చుట్టు దాంక మెత్తగ పోయింది. ఆరు. ఏడు. తర్వాత బిగిసింది. ఆడిది ఆడనే సరిగ్గ బిగిసింది.

కడ్డీ తగిలించి కొట్టుడు మొదలువెట్టిన. మొదటి దెబ్బలకు ఏం కదలలే. రాతి మీద కొట్టినట్టు టక్కుటక్కుమని సప్పుడు. బోల్టు ఊడుతదని నా చెయ్యి ప్రతి దెబ్బకు ఎదురుచూస్తున్నది. ఊడలే. ఇంకో రెండు కొట్టిన.

"సప్పుడు మారింది సార్," అని బట్ట అవతలికెళ్లి ఆమె అన్నది.

నేను అప్పటి దాంక వినలే. ఇంకోటి కొట్టి విన్న. నిజమే. టక్కుమనేది పోయి లోపల బోలుగ, మెత్తగ వస్తున్నది. సిస్టర్ కండ్లు మాస్కు పైన నవ్వినయ్. రాడ్డు వేలెడు బయటికొచ్చింది. తర్వాత జానెడు. చివరికి మొత్తం నా చేతుల్లకు వచ్చింది. నేను దాన్ని పట్టుకొని ఊరికే నిలబడ్డ. సిస్టర్ నా చేతుల్లకెళ్లి తీసుకొని పళ్లెంల పెట్టి, దారం అందిచ్చింది.

"వచ్చిందమ్మా," అన్న, ఈసారి ఆమె అడగకముందే.

"తెలిసింది సార్," అన్నది.

బయటికి వచ్చి ముందు ఆమె భర్తకు చెప్పిన. తర్వాత వనపర్తికి ఫోన్ చేసిన. మిస్త్రీ వచ్చిందా అని అడగలే. ఎన్ని దెబ్బలకు వచ్చింది, బోల్టు మర ఎట్లున్నది అని అడిగిండు. మర ఎట్లున్నదట్లనే ఉన్నదని చెప్తే, అవతల లేత్ బంద్ చేసిన సప్పుడు వినవడ్డది. తర్వాత మంచిదన్నడు.

రాడ్డు తీస్కపోతరా అని అడిగితే ఆమె వద్దన్నది. భర్త కావాలన్నడు. చెల్క గెట్టు మీద పలుపు కట్టనీకి పనికొస్తదట. ఆమె నవ్వింది. ఆ మనిషి నవ్వుడు నేను అప్పుడే చూసిన.

ఆరు వారాలు బరువు మొయ్యొద్దని, రాడ్డున్న జాగ ఇంక ఖాళీగున్నదని చెప్పి పంపిన. నాలుగు వారాలకే పత్తి మూట ఎత్తిందట. ఎక్స్‌రేకు వచ్చినప్పుడు భర్త ఆ సంగతి చెప్తే ఆమె ఆయన దిక్కు ఉరిమి చూసింది. ఎక్స్‌రేల రాడ్డున్న జాగ నల్లటి గీత లెక్క కనపడ్డది. ఇది నిండుతదా అని అడిగింది. మెల్లగ నిండుతదని చెప్పిన. మోకాలు నొప్పి ఎట్లున్నదంటే, మొత్తం పోలేదన్నది. ఐదారు నిమిషాలు మోకాళ్ల మీద ఉండొచ్చు, తర్వాత నొస్తదన్నది. తీస్తే తగ్గుతదని మొదటిసారి నేను చెప్పిన మాట ఎంత తేలిక మాటనో అప్పుడు తెలిసింది. మిగిలిన నొప్పి రాడ్డుది కాదమ్మా, మోకాలిని రెండుసార్లు కోసిన దాంట్ల నా వాటా గూడ ఉన్నదని అన్న.

అప్పటికెళ్లి నేను రాడ్డు తీసే ముందు కాయితాలు అడుగుత. లేవంటే వేసిన దవాఖానకు ఫోన్ చేస్త. ఎవ్వరు చెప్పకపోతే, ఎన్ని రకాలు కావొచ్చో రాసుకొని, రాకపోవచ్చని ముందే చెప్త. కొందరు ఆ మాట విని హైదరాబాద్ పోతరు. పోనీ. నేను రాడ్డు వేసినోళ్లకు స్టిక్కర్లు అంటించిన కాయితం ఇచ్చి, ఇంట్ల ఎక్కడ పెడ్తరో అడిగి మరీ పంపిస్త. వనపర్తి బోల్టు తర్వాత ఒక్క మనిషికి పనికొచ్చింది. ఇంకో మనిషికి పనికిరాలే, ఆ రాడ్డు వేరే రకం. ఆ రెండో ఆయనది కల్వకుర్తి. ఆయనకు కొయ్యకుండనే చెప్పి పంపిన.

సిస్టర్ రిటైరయ్యే ముందు వారం, రాడ్లు తీసే పెట్టెను ఒకసారి మొత్తం దించి సర్దుదామన్నది. మధ్యాహ్నం కేసులు లేవు. ఇద్దరం బల్ల మీద గుడ్డ పరిచి ఒక్కొక్కటి తీసినం. ఏది ఏ రాడ్డుకు పడ్తదో ఆమె చెప్తుంటే నేను కాయితం మీద రాసిన. అరిగిపోయిన డ్రైవర్లు రెండు పక్కన పెట్టింది. ఇవి ఉంటే చేతికి అలవాటుగ ఇవే వస్తయ్, స్క్రూ తల ఖరాబైతది, పారెయ్యున్రి అన్నది. నేను వచ్చినప్పటికెళ్లి వాడింది ఆ రెండే.

పని సగమైనంక ఆ మొదటి ఆపరేషన్ ముచ్చట వచ్చింది. ఆ పొద్దు మీరు చెప్పకపోతే ఇంకో పది దెబ్బలు కొట్టి ఉండేటోన్ని అన్న.

"నాకు తెలుసు," అన్నది ఆమె. "మీరు ఇంకొక్కటి కొడితే మీ చెయ్యి పట్టుకుందామని నా చెయ్యి లేపి పెట్టుకున్న."

"నిజంగ పట్టుకుంటుంటిరా?"

"పట్టుకుంటుంటి. ఎనకట ఒక సారు కాడ పట్టుకోలే. అప్పుడు నాకు కొత్త." చేతిలున్న సన్నటి ఉలిని వెలుతురుకు పెట్టి అంచు చూసి, గుడ్డతోని తుడిచి దాని అరల పెట్టింది. "రాయున్రి సార్," అన్నది, "ఇది సాన పట్టియ్యాలె."

రాసుకున్న.